కాగితం చుట్టే బుల్లెట్లకు ఇత్తడి అచ్చు: వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తాను, సీసం కరిగించి బుల్లెట్లు పోసుకునే ఈ అచ్చు కొనొచ్చు. పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువు. కాకపోతే ఒక షరతు. మీ రైఫిల్ బ్యారెల్ లోపలి కొలత, మీరు చుట్టబోయే కాగితం మందం, ఈ రెండూ స్వయంగా కొలుచుకునే వరకు ఆర్డర్ పెట్టకండి. ఆ రెండు అంకెలూ తెలియకుండా కొంటే ఎంత మంచి అచ్చయినా అల్మారాలో పడి ఉంటుంది.

ఉండేది కొలరాడో స్ప్రింగ్స్‌లో, సొంతూరు ప్రొద్దుటూరు. నా దగ్గరున్న రైఫిల్ ఇటలీలో పెడర్‌సోలి కంపెనీ చేసిన 1874 షార్ప్స్ నమూనా. .45-70 కాలిబర్. బ్యారెల్‌లోని గాళ్ళు 18 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఒకసారికి ఒకే తూటా (మందూ బుల్లెట్టూ కలిసిన గుళిక) పడుతుంది, పెద్ద సుత్తి లాంటి హ్యామర్ వెనక్కి లాగి కాల్చాలి. నేను దీంట్లో బ్లాక్ పౌడరే, అంటే పాతకాలపు నల్ల తుపాకి మందే వాడతాను, బుల్లెట్లు ఇంట్లోనే పోసుకుంటాను. మొదట్లో ఒంటిమీద గ్రీజు నింపే గాళ్ళున్న మామూలు సీసం బుల్లెట్లు వాడేవాణ్ణి. ఇప్పుడు నున్నటి బుల్లెట్‌కి కాగితం చుట్టి కాలుస్తున్నాను. ఈ అచ్చు ఆ నున్నటి బుల్లెట్ కోసమే.

తయారుచేసిన వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. చిన్న మెషీన్ షాపు, ఆర్డర్ తీసుకున్నాకే చేసిచ్చే పని. దీంట్లో నాకు కనిపించిన లోపం కూడా కింద చెప్తాను, దాన్ని వాళ్ళు మర్యాదగానే సరిచేశారు. పైగా ఇలాంటి అచ్చులు చేసేవాళ్ళు అమెరికాలో తక్కువమందే. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

వస్తువు ఎలా ఉంటుందంటే, రెండు ఇత్తడి దిమ్మలు ఎదురెదురుగా మూసుకుంటాయి. మధ్యలో ఒకే ఒక్క బుల్లెట్ గుంట. సీసం పోసేది బుల్లెట్ ముక్కు వైపు నుంచి. కింద నుంచి ఒక స్టీలు పిన్ను గుంటలోకి వస్తుంది, అదే బుల్లెట్ అడుగుభాగాన్ని తీర్చుతుంది. ఆ పిన్నుకి మర ఉంది. తిప్పితే లోపలికో బయటికో జరుగుతుంది, దాన్నిబట్టి బుల్లెట్ పొడవూ బరువూ మారతాయి. నా అచ్చులో 480 నుంచి 540 గ్రెయిన్ల దాకా వస్తుంది. గ్రెయిన్ అంటే పౌండులో ఏడు వేలో వంతు. నేను 530 దగ్గర ఆపుకున్నాను, అంటే 34 గ్రాముల పైచిలుకు. పిన్ను కొసన చిన్న ఉబ్బు ఉంది కాబట్టి బుల్లెట్ అడుగున లోతులేని గుంట పడుతుంది. కాగితం తోకని మడిచి అందులో దోపడానికి అది.

ముక్కు వైపు నుంచి పోయడం ఎందుకంటే, పోసిన చోట సీసం కోసిన మచ్చ తప్పకుండా మిగులుతుంది. ఆ మచ్చ ముక్కు మీద ఉన్నా పెద్ద నష్టం లేదు. అడుగు మీద ఉంటే మాత్రం గురి చెడుతుంది. బ్యారెల్‌ని చివరిగా వదిలేది అడుగే. దాని అంచు ఒకవైపు మొద్దుబారి ఉంటే గ్యాసు ఆ పక్కనుంచి ముందు తప్పించుకుని బుల్లెట్‌ని ఓరగా నెడుతుంది. అందుకే నేను పోసిన ప్రతి బుల్లెట్‌లోనూ ముందు చూసేది అడుగు అంచే. ఈ అచ్చు ఆ అంచుని కొత్త రూపాయి బిళ్ళ అంచంత పదునుగా ఇస్తోంది. నా దృష్టిలో ఈ రివ్యూలో సగం మార్కులు దానికే.

అసలు సీసానికి కాగితం ఎందుకు చుట్టాలి అని రేంజిలో, అంటే తుపాకులు కాల్చే మైదానంలో కూడా అడుగుతుంటారు. సీసం మెత్తని లోహం. ఆ వేడికీ రాపిడికీ బ్యారెల్ లోపల పూతలా అంటుకుంటుంది. అంటుకున్న ప్రతిసారీ తర్వాతి దెబ్బ గురి చెడుతుంది. మధ్యలో కాగితం ఉంటే సీసం ఇనుముని తాకదు. గాళ్ళు కాగితాన్ని పట్టుకుని తిప్పుతాయి, కాగితం బుల్లెట్‌ని తిప్పుతుంది. బ్యారెల్ దాటగానే కాగితం చీలికలై రాలిపోతుంది, బుల్లెట్ ఒక్కటే ముందుకి పోతుంది.

ఇది కొత్త తెలివి కాదు. 1857 తిరుగుబాటు గురించి మనందరం బడిలో చదివాం, ఆవు కొవ్వు, పంది కొవ్వు రాసిన తూటాలని సిపాయిలు నోటితో కొరకాల్సి వచ్చిందని. ఆ ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా రైఫిల్ తూటాలో కొవ్వు రాసి ఉన్నది కాగితానికే. సిపాయి ఒక కొస కొరికి తుపాకి మందు బ్యారెల్‌లో పోసి, తూటాని తలకిందులు చేసి, కొవ్వు కాగితంతో సహా నున్నటి బుల్లెట్‌ని లోపలికి దించేవాడు. కాగితం బుల్లెట్‌తోపాటు బ్యారెల్‌లోకి వెళ్ళేది. పాఠంలో కొవ్వు సంగతి చెప్పారు గానీ ఆ కాగితం అక్కడ ఏ పని చేస్తోందో నాకు తెలిసింది ఈ రైఫిల్ చేతికి వచ్చాకే. నేను తూటా లోపల పెట్టే మైనం బిళ్ళలో తేనెమైనం, ఆముదం తప్ప ఇంకేమీ లేవు. ఆముదం ఇండియన్ స్టోర్‌లో దొరికేదే.

అమెరికాలో దీని మంచికాలం 1870లు. సైన్యం 1873లో తీసుకున్న .45-70 తూటాలో గ్రీజు గాళ్ళున్న 405 గ్రెయిన్ల బుల్లెట్, 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ ఉండేవి. షార్ప్స్ కంపెనీ మాత్రం కాగితం చుట్టిన బుల్లెట్లు అమ్మేది. ఆ రైఫిళ్ళతో మైదానాల్లో బైసన్ మందల్ని తోళ్ళ కోసం తుడిచిపెట్టేశారు. ఈ తుపాకి అందం గురించి మాట్లాడే ఎవరైనా ఆ మాట కూడా చెప్పాలని నా పట్టుదల. నాకు దీంట్లో నచ్చిన చరిత్ర వేరే ఉంది. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ రేంజిలో ఐర్లండ్ జట్టుకీ అమెరికా జట్టుకీ 800, 900, 1000 గజాల దూరంలో పోటీ జరిగింది. ఐర్లండ్ వాళ్ళు మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్ళు తెచ్చారు. అమెరికన్లు వెనకనుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళు పట్టుకున్నారు. అమెరికా 934, ఐర్లండ్ 931. మూడు పాయింట్లు! ఆ వెనక తూటా పెట్టే రైఫిళ్ళలో కాల్చింది కాగితం చుట్టిన బుల్లెట్లే. తర్వాత 1880లలో రాగి తొడుగు బుల్లెట్లు, పొగ రాని పౌడర్ వచ్చేసరికి కాగితం పక్కకి పోయింది.

ఇక కొలతలు. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

.45 కాలిబర్ బ్యారెల్‌లో గాళ్ళ మధ్య గట్లుంటాయి. గట్టు నుంచి గట్టుకి అడ్డంగా కొలిస్తే సాధారణంగా 0.450 అంగుళం, గాడి నుంచి గాడికి 0.458 దగ్గర. బ్లాక్ పౌడర్‌తో కాల్చేటప్పుడు కాగితం చుట్టిన బుల్లెట్ గట్ల మధ్య నుంచి బొటనవేలితో నెడితే జారేంత ఉండాలి. అంటే 0.450 కన్నా ఒక్క వెంట్రుక తక్కువ, లేదా సరిగ్గా అంత. మరి గాళ్ళలోకి ఎలా నిండుతుంది అంటే, పౌడర్ ఒక్కసారిగా తన్నే దెబ్బకి మెత్తని సీసం వెనకనుంచి నొక్కుకుని లావెక్కి గాళ్ళని నింపేస్తుంది. అందుకే సీసం మెత్తగా ఉండాలి. కారు చక్రాలకు పెట్టే పాత బరువుల్లో యాంటిమొనీ కలిసి ఉంటుంది, గట్టిది, ఈ పనికి రాదు. నేను స్వచ్ఛమైన సీసం 20 పౌండ్లకి ఒక పౌండు తగరం కలుపుతాను. కొందరు 16కి ఒకటి కలుపుతారు, కొందరు 30కి ఒకటి. 20 దగ్గర అచ్చు బాగా నిండుతోంది, బుల్లెట్ లావెక్కడమూ సరిపోతోంది.

ఇప్పుడు కాగితం. రెండు చుట్లు చుట్టాలి. లేత్ పనివాళ్ళు థౌ అంటారే, అంగుళంలో వెయ్యో వంతు, ఆ లెక్కన నా కాగితం మందం రెండు థౌలు. రెండు చుట్లంటే బుల్లెట్‌కి ఒకవైపు నాలుగు, రెండో వైపు నాలుగు, మొత్తం ఎనిమిది థౌలు లావెక్కుతుంది. 0.450లోంచి 0.008 తీసేస్తే 0.442. నేను ఆర్డర్‌లో రాసిన అంకె అదే. మీ కాగితం రెండున్నర థౌలైతే పది థౌలు పెరుగుతుంది, మీక్కావాల్సిన అచ్చు 0.440. అర థౌ కాగితం తేడాకి అచ్చే మారిపోయిందన్నమాట. కాగితాన్ని ఒక్క పొర కొలిస్తే మైక్రోమీటర్‌లో నమ్మకమైన అంకె రాదు, పది పొరలు మడిచి కొలిచి పదితో భాగించండి. బ్యారెల్‌ని మెత్తని సీసం ముక్క దాటించి కొలవచ్చు, చేతకాకపోతే గన్‌స్మిత్‌కి కొద్ది డబ్బులిచ్చి కొలిపించుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన వివరాల్లో రాసిన అంకెని నమ్మి అచ్చు చేయించుకోకండి.

అచ్చు పెట్టె విప్పగానే కొలిచాను. దిమ్మలు కలిసే గీత వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. రెండిటి మధ్యా తేడా మైక్రోమీటర్ పట్టీపట్టనట్టు ఉంది. బుల్లెట్ నిజంగా గుండ్రంగా వస్తోంది. కాగితం విషయంలో ఇది ప్రాణం. గ్రీజు గాళ్ళ బుల్లెట్ ఒకటి రెండు థౌలు కోలగా ఉన్నా సైజింగ్ డైలో నొక్కి దారికి తేవచ్చు, దీన్ని పోసినది పోసినట్టే వాడతాం.

నాయన ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. మూస, పట్టకారు, వెలిగారం మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి కరిగిన లోహం అంటే నాకు భయం లేదు, భక్తి ఉంది. అచ్చు వచ్చిన రోజు వాట్సాప్ వీడియోలో ఆయనకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూపించమన్నాడు.

"ఇత్తడి మంచిదే. గాలి యాడికి పోతాది రా?"

దిమ్మల లోపలి ముఖాలమీద సూదితో గీసినట్టు సన్నటి గీతలు ఉన్నాయి. ఫోను దగ్గరికి పెట్టి చూపించాను.

"ఆఁ, అదీ. ఆ గీతలు పూడిపోకుండా చూసుకో. గాలికి దోవ లేకపోతే మూల నిండదు."

"మసి పట్టించమంటావా నాయనా?"

"కొలత అంత సన్నంగా చెప్తాండావు గదా. మసి కూడా మందమే."

రెండు మాటలూ నిజమే. అగ్గిపుల్లతో మసి పట్టించే అలవాటు ఇక్కడివాళ్ళకీ ఉంది, ఈ అచ్చుకి నేను పట్టించలేదు. సబ్బునీళ్ళతో టూత్ బ్రష్ పెట్టి నూనె జిడ్డు వదిలేదాకా తోమాను, బాగా ఆరబెట్టాను. ఆ గీతల్ని ఇప్పటికీ ప్రతి విడతా దీపం వెలుతురులో చూస్తాను.

పోయడం గురించి జాగ్రత్తలు ముందు. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, ఫ్యాను పొగని బయటికి తోసేలా పెట్టుకుని పోస్తాను. కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. కరిగిన సీసంలో ఒక్క నీటి బొట్టు పడినా ఆవిరై సీసాన్ని పైకి చిమ్ముతుంది. చెమట బొట్టు కూడా నీరే. అందుకే తడిగా ఉన్న ముక్క ఏదీ కుండలో వేయను, తాగే నీళ్ళ సీసా ఆ బల్ల మీద ఉండదు. పిల్లలకి ఆ రోజు గరాజ్‌లోకి ప్రవేశం లేదు. పని అయ్యాక చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కుని, బట్టలు విడిగా ఉతుకుతాను. ఏటా చేయించుకునే రక్తపరీక్షలో సీసం ఎంతుందో కూడా చూడమని డాక్టర్‌ని అడుగుతాను. మీరూ అడగండి.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నేను పోసేది 390 దగ్గర. పైన తేనెమైనం ముక్క వేసి కలిపి, తేలిన బూడిదరంగు తెట్టు తీసేస్తే కింద అద్దంలా మెరుస్తుంది. ఇత్తడి అచ్చు బరువు, అల్యూమినియంలా టక్కున వేడెక్కదు. మొదట వచ్చే బుల్లెట్లు ముడతలు పడి ఉంటాయి, వాటిని తిరిగి కుండలో వేసేయడమే. ఒకసారి వేడి అందుకుందంటే మాత్రం గంటసేపు నిలకడగా ఉంటుంది, అదే ఇత్తడి సుగుణం. లయ తప్పకుండా పోస్తూ పోవాలి. పైన సీసం గడ్డకట్టి మెరుపు తగ్గేదాకా ఆగి, అచ్చు పైనుండి మిగులు సీసాన్ని కోసే మూత పలకని గ్లవ్ వేసుకున్న చేత్తోనే పక్కకి నెడితే కోత శుభ్రంగా పడుతుంది. సుత్తితో కొట్టే అవసరం రాలేదు. అచ్చు తెరవగానే బుల్లెట్ దానంతటదే మడిచిన తువ్వాలు మీదకి జారుతుంది. తూకం వేస్తే 530కి అటూ ఇటూ ఒక గ్రెయిన్ లోపే తేడా.

లోపం ఏమిటంటే, కింది పిన్నుని బిగించే లాక్ నట్. అచ్చు పూర్తిగా వేడెక్కాక నట్ వదులై పిన్ను మెల్లగా తిరిగిపోయేది. కంటికి తెలియదు. తూకంలో బరువు కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంటే పట్టుకున్నాను. బరువు ఒకే దిక్కుకి జరుగుతోందంటే పోసే చెయ్యి కారణం కాదు, అచ్చులో ఏదో కదులుతోందని అర్థం. తయారుచేసిన వాళ్ళకి రాస్తే తప్పు ఒప్పుకుని మందంగా ఉన్న నట్ ఒకటి పంపారు, పోస్టు ఖర్చు కూడా వాళ్ళదే. అది వేశాక కదల్లేదు. అయినా పిన్ను మీదా దిమ్మ మీదా కలిపి సన్నటి గీత గీసి పెట్టాను, తిరిగితే గీత విడిపోయి కనిపిస్తుంది. ఇలాంటి అచ్చు ఎవరి దగ్గర కొన్నా ఈ గీత గీసుకోండి.

రెండో ఫిర్యాదు చిన్నది. దీనితో వచ్చిన సూచనల కాగితం ఒక్క పేజీ. పిన్ను ఒక చుట్టు తిప్పితే ఎన్ని గ్రెయిన్లు మారుతుందో కూడా రాయలేదు. ఇంత ధర పెట్టి కొన్న మనిషికి ఆ ఒక్క అంకె ఇవ్వొచ్చు.

కాగితం చుట్టడం దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. నాకు మాత్రం ఈ మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే. పత్తి కలిసిన పల్చటి కాగితం కావాలి. మామూలు ప్రింటర్ కాగితం మందమూ ఎక్కువ, తడిపితే చివికిపోతుంది. ఏటవాలు కొసలుండేలా పట్టీలు కోయాలి. బుల్లెట్ చుట్టుకొలతకి సరిగ్గా రెండింతల పొడవు, నా దానికి 2.8 అంగుళాల దగ్గర. రేకుతో ఒక కొలత పలక చేసుకుని, గుండ్రటి బ్లేడు కట్టర్‌తో కోస్తాను.

పట్టీని మంచినీళ్ళలో ముంచి తీస్తే తడిసిన పూతరేకులా వేళ్ళకి అతుక్కుంటుంది. దాన్ని రబ్బరు మ్యాట్ మీద పరిచి, ఏటవాలు కొస బుల్లెట్‌కి తాకేలా పెట్టి, అరచేతి మడమతో ముందుకి దొర్లించాలి. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి కాగితం తన కొసమీదుగానే వెళ్ళాలి. రెండో చుట్టు చివర ఏటవాలు కొస, మొదట్లో పెట్టిన కొస, ఒకదాని పక్కన ఒకటి వచ్చి ఆగాలి. మధ్యలో వెంట్రుకవాసి సందు ఉన్నా ఫరవాలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం విప్పి మళ్ళీ చుట్టాలి, ఎందుకంటే ఆ ఒక్క వైపు రెండు థౌలు లావు. కింద మిగిలిన తోకని చిన్న చిన్న మడతలుగా లోపలికి తోసి అడుగు గుంటలో సర్దాలి. తర్వాత రాత్రంతా ఆరనివ్వాలి. ఆరేటప్పుడు కాగితం బిగుసుకుంటుంది. పొద్దున చేతిలోకి తీసుకుంటే మీటితే టకటకమనేంత బిగువు ఉంటుంది, గోరుతో గీరినా కొస లేవదు. ఇక్కడ మంచి అచ్చు విలువ తెలుస్తుంది. బుల్లెట్లన్నీ ఒకే లావు ఉంటేనే పట్టీ పొడవు అన్నిటికీ సరిపోతుంది. కొలత నిలకడలేని అచ్చయితే ఒక బుల్లెట్‌కి కొసలు కలుస్తాయి, ఇంకోదానికి ఎక్కుతాయి.

తూటా నింపడం గురించి క్లుప్తంగా. పౌడర్ కొలతలు ఇక్కడ రాయను, అచ్చయిన లోడింగ్ మాన్యువల్ చూసుకోండి. బ్లాక్ పౌడర్ పైన గాలి ఖాళీ ఉండకూడదు, దానికి ఆనుకుని అట్ట బిళ్ళ, మైనం బిళ్ళ, ఇంకో అట్ట బిళ్ళ, ఆ పైన బుల్లెట్. బుల్లెట్ తూటాలో కొద్దిగానే దిగుతుంది, చాలా భాగం బ్యారెల్‌లోకి చొచ్చుకుని కూర్చుంటుంది. బ్లాక్ పౌడర్ బదులు పొగ రాని పౌడర్‌ని అదే కొలతలో పోస్తే తుపాకి పేలిపోతుంది. ఈ ఒక్క వాక్యం కోసమైనా మాన్యువల్ కొనండి.

రేంజిలో మొదటి దెబ్బ తర్వాత నేను టార్గెట్ వైపు చూడను. రేంజ్ కోల్డ్ అని, అంటే అందరూ కాల్పులు ఆపారని ప్రకటించాక తుపాకి ముందున్న నేలమీద కాగితం వెతుకుతాను. పదీ పదిహేను అడుగుల్లోనే దొరుకుతుంది. గట్లు కోసినచోట నిటారుగా చీలి, సన్నటి ముక్కలుగా పడి ఉంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టు. కొసలు కాలి నల్లబడి ఉంటే గ్యాసు పక్కలనుంచి పోతోందన్నమాట. తోక మడత ఊడకుండా గుండ్రంగా దొరికితే కాగితం ఆలస్యంగా వదులుతోంది, గురి చెదిరిపోతుంది. ఈ అచ్చు బుల్లెట్లకి మొదటినుంచీ సన్నటి ముక్కలే దొరుకుతున్నాయి. ఒక ముక్కని వెలుతురుకి పట్టుకుంటే గట్టు అంచు కత్తిరించిన గీత బ్లేడుతో కోసినంత తిన్నగా కనిపించింది.

ప్రతి దెబ్బకీ బ్యారెల్ తుడవాలి. దీనికి మినహాయింపు లేదు. బ్లాక్ పౌడర్ వదిలే మసి గట్ల మీద పేరుకుంటే 0.450 బుల్లెట్ తర్వాత లోపలికే పోదు. బాలిస్టాల్ అనే తుపాకి నూనె కలిపిన నీళ్ళలో తడిపిన గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి. దెబ్బకి దెబ్బకీ మధ్య నిమిషం పైనే పడుతుంది. పక్క బల్లల మీద సెమీ ఆటోమేటిక్‌లు టపటపా పేలుతుంటే మన దగ్గర తెల్లటి పొగ మేఘం, గంధకం వాసన, గుడ్డ, మళ్ళీ ఇంకో తూటా. గ్రీజు గాళ్ళ బుల్లెట్లకి ఊదే గొట్టంతో రెండు మూడుసార్లు ఊపిరి ఊదితే చాలేది. ఈ తేడాకి సిద్ధంగా ఉండాలి.

ఫలితం మాత్రం ఆ శ్రమకి తగ్గట్టే ఉంది. మంచి రోజున 200 గజాల్లో ఐదు దెబ్బలు మూడంగుళాల లోపు పడుతున్నాయి, అదీ చిన్న కన్నంలోంచి గురి చూసే పాతకాలపు పీప్ సైటుతో, లెన్సు లేకుండా. అంతకుముందు ఇదే రైఫిల్ గ్రీజు బుల్లెట్లతో ఇంత దగ్గరగా కొట్టలేదు. సీసం పూత బ్యారెల్‌లో అసలు కనిపించడం లేదు, శుభ్రం చేసేటప్పుడు నీళ్ళు నల్లగా వచ్చి రెండో విడతకే తేటపడతాయి.

మాకు రెండు గంటల దూరంలో, న్యూ మెక్సికో సరిహద్దు దాటగానే రటోన్‌లో విటింగ్‌టన్ సెంటర్ అనే పెద్ద రేంజి ఉంది. బ్లాక్ పౌడర్ రైఫిళ్ళకి అక్కడ సిలూయెట్ పోటీలు జరుగుతాయి. ఉక్కు రేకుతో కోసిన కోడిపుంజులు 200 మీటర్లలో, పందులు 300లో, టర్కీ కోళ్ళు 385లో, పొట్టేళ్ళు 500 మీటర్లలో నిలబెడతారు. కొట్టడం చాలదు, పడగొట్టాలి. కోడిపుంజుని నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చాలి. మిగతావాటికి పడుకుని, కలిపి కట్టిన రెండు కర్రల మీద తుపాకి ఆనించుకోవచ్చు. 500 మీటర్ల పొట్టేలుకి ట్రిగ్గర్ నొక్కాక పొగ పక్కకి తొలగేంత సమయం ఉంటుంది. బుల్లెట్ వెళ్ళడానికి ఒకటిన్నర సెకను పైన, మోత వెనక్కి రావడానికి ఇంకో ఒకటిన్నర. పక్కన టెలిస్కోప్ దగ్గర కూర్చున్న స్నేహితుడు "పడింది అన్నా!" అన్నాక గానీ ఆ ఠంగుమనే చప్పుడు నా చెవికి చేరలేదు. 34 గ్రాముల సీసం అంత దూరం వెళ్ళి ఉక్కు పొట్టేలుని వెనక్కి తోసెయ్యడం చూస్తే 530 గ్రెయిన్లు ఎందుకు ఎంచుకున్నానో వేరే చెప్పక్కర్లేదు. తేలిక బుల్లెట్ తగులుతుంది, కొన్నిసార్లు పొట్టేలు ఊగి నిలబడుతుంది. బరువు మార్చుకునే పిన్ను ఉన్న అచ్చుకి కొంచెం ఎక్కువ ఇవ్వడం ఇందుకే సబబు.

ఎవరు కొనకూడదు? వారానికి వందల దెబ్బలు కాల్చేవాళ్ళు కొనకూడదు, ఇది ఒక్క గుంట అచ్చు, సాయంత్రం పోస్తే ఒక పోటీకి సరిపడా వస్తాయి, అంతే. పొగ రాని పౌడర్ వాడేవాళ్ళకి కూడా ఈ 0.442 సైజు పనికిరాదు. ఆ పౌడర్ బుల్లెట్‌ని ఇలా లావెక్కించదు, వాళ్ళు గాడి కొలతకి సరిపడేలా 0.450 దగ్గర లావున్న గట్టి బుల్లెట్‌కి కాగితం చుట్టుకోవాలి. వేరే అచ్చు, వేరే లెక్క. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటూ గాలి ఆడే చోటు లేనివాళ్ళు సీసం జోలికే వెళ్ళొద్దు.

ఊళ్ళో ఉన్న మా తమ్ముళ్ళు కొందరు ఇది అక్కడ చేయొచ్చా అని అడిగారు. చేయకూడదు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అమెరికాలో సొంత వాడకానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. రాష్ట్రాల నియమాలు వేరేగా ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి.

నేను కొన్నప్పుడు ధర రెండు వందల డాలర్లకి అటూ ఇటూ, తయారై రావడానికి నెలలు పడుతుంది. ఆర్డర్ ఈమెయిల్‌లో ఈ సంగతులు స్పష్టంగా రాయండి: గట్టు నుంచి గట్టుకి కొలత, పది పొరల మీద తేల్చిన కాగితం మందం, మీక్కావాల్సిన బరువు, సీసం తగరం పాళ్ళు. పాళ్ళు ఎందుకంటే తగరం ఎక్కువైతే బుల్లెట్ బరువు తగ్గుతుంది, చల్లారాక సైజూ పిసరంత మారుతుంది. అచ్చు కోసేవాళ్ళు దానికి తగ్గట్టు కోస్తారు. అడుగున గుంట కావాలో చదునుగా కావాలో కూడా రాయండి, నేనైతే గుంటే అడగమంటాను. లాక్ నట్ మందంగా ఉన్నది పెట్టమని ఇప్పుడే అడిగేయండి. హ్యాండిళ్ళు దీంతో రావు, పెద్ద ఇత్తడి దిమ్మలకి సరిపోయేవి విడిగా తెప్పించుకోవాలి.